ఆట వచ్చు... అదురే అడ్డు!

ఇంకొల్లు : ఊళ్ళో బడి ఆవరణలో ఆడినంతసేపూ పులి. మండలం దాటి జిల్లా పోటీలకు వెళ్ళేసరికి పిల్లి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామాల్లో ఆటలాడే పిల్లల గురించి రచ్చబండల దగ్గర వినవచ్చే మాట ఇది. నిన్నటిదాకా కళ్ళు మూసుకుని కొట్టిన దెబ్బ ఇవాళ వలకు తగులుతుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చెమటలు పడతాయి. అరగంటలో మూడుసార్లు బయటికి పోవలసి వస్తుంది. ఆట ముగిసి తిరుగు బస్సెక్కాక మాత్రం ఆ దడ ఎటు పోతుందో పోతుంది. 'అయ్యో, ఆ బంతి నేను కొట్టలేనిదా' అన్న ఏడుపు అప్పుడు మొదలవుతుంది.

పత్తి తీతల రోజుల్లో కూలీలను చేలో వదిలి, కొడుకునో కూతురునో వెంటబెట్టుకుని బస్సెక్కిన తండ్రికి ఇదేమిటో అర్థం కాదు. ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఇలాగేనా ఆడేది అని కసురుతాడు. దాంతో వచ్చే ఏడు పోటీకి పేరు ఇమ్మంటే ఆ పిల్లవాడు తల అడ్డంగా ఊపుతాడు. చేతిలో ఆట ఉండీ, ఒంట్లో సత్తువ ఉండీ, ఒక్క గాభరా మూలంగా ఆట మానుకున్న పిల్లలు ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తారు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు 'ఇక చాల్లేమ్మా' అనడానికి ఒక్క ఓటమి చాలు.

అయితే ఈ దడ పిరికితనం కాదని, జబ్బు అంతకన్నా కాదని, సాధన చేస్తే అదుపులోకి వచ్చే సంగతేనని ఈ గడ్డ మీదనుంచి వెళ్ళిన ఆటగాళ్ళ చరిత్రే రుజువు చేస్తోంది.

నాగండ్ల నుంచి బర్మింగ్‌హామ్ దాకా

ఇంకొల్లు మండలంలోని నాగండ్ల గ్రామం పేరు ఆటల లోకానికి తెలిసిందంటే అది పుల్లెల గోపీచంద్ వల్లనే. 1973 నవంబరు 16న ఆయన పుట్టేనాటికి ఈ గ్రామం ప్రకాశం జిల్లాలో ఉంది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల జిల్లాకు చేరింది. చిన్నతనంలో గోపీచంద్‌కు క్రికెట్ అంటే మోజు. అన్నగారి ప్రోద్బలంతో బాడ్మింటన్ రాకెట్ పట్టారు. అన్నగారు చదువులో దిట్ట, ఐ.ఐ.టి.లో సీటు సంపాదించారు. తమ్ముడు ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష తప్పారు. పరీక్ష తప్పడం వల్లనే తాను ఆటలో మిగిలానని ఆయనే తరువాత పలు సభల్లో నవ్వుతూ చెప్పుకున్నారు. ఇంటర్మీడియట్ పిల్లలకు ర్యాంకులే ప్రాణమైన గుంటూరు ప్రాంతంలో ఈ సంగతి కొంచెం గట్టిగానే చెప్పుకోవాలి.

1994లో జాతీయ క్రీడల్లో ఆడుతుండగా మోకాలి లోపలి కీలక బంధనం తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆట ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ మోకాలితోనే 2001 మార్చిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ పోటీలకు దిగారు. అంతకు ముందు ఆ బిరుదు గెలిచిన భారతీయుడు ప్రకాశ్ పదుకొనే ఒక్కరే. అది 1980 నాటి మాట. మధ్యలో 21 సంవత్సరాలు గడిచిపోయాయి.

ఆ పోటీల్లో గోపీచంద్ ఓడించినవారిలో సిడ్నీ ఒలింపిక్స్ స్వర్ణ పతక విజేత, చైనా ఆటగాడు జీ జిన్‌పెంగ్ ఉన్నారు. సెమీఫైనల్లో ఎదురైనవాడు డెన్మార్కుకు చెందిన మేటి ఆటగాడు పీటర్ గేడ్. ఆ ఆట 17-14, 17-15తో ముగిసింది. ఈ అంకెలను కొంచెం ఆగి చూడాలి. అప్పటి నిబంధనల ప్రకారం గేము 15 పాయింట్లకు. 14-14 దగ్గర సమానమైతేనే 17 దాకా పొడిగించేవారు. అంటే రెండు గేముల్లోనూ ఇద్దరూ 14-14 దగ్గర ఎదురెదురుగా నిలబడ్డారన్న మాట. ఆ క్షణంలో ఎవరి చెయ్యి బిగుసుకుంటే వారిది ఓటమి. మొదటి గేములో ఆ తరువాత గేడ్‌కు ఒక్క పాయింటు కూడా దక్కలేదు. మార్చి 11న జరిగిన ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి గోపీచంద్ బిరుదు గెలిచారు. 14-14 దగ్గర ఆయన గుండె కూడా వేగంగా కొట్టుకునే ఉంటుంది. చెయ్యి మాత్రం తన పని తాను చేసింది.

ఒంట్లో జరిగేది ఇదీ

రాత్రివేళ మిరప చేనుకు నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతు కాలి పక్కన బుస వినబడితే ఏమవుతుంది? ఆలోచించే లోపలే గుండె కొట్టుకోవడం హెచ్చుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. కడుపులోని రక్తం తొడలకూ భుజాలకూ పరుగెత్తుతుంది. పారిపోవడానికో, కర్ర ఎత్తడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే చిన్న గ్రంథుల నుంచి ఊరే అడ్రినలిన్ అనే రసం చేసే పని ఇది. అది లేకపోతే మనిషి జాతి ఏనాడో అంతరించిపోయేది.

చిక్కల్లా ఏమిటంటే, పాముకూ పోటీకీ తేడా ఒంటికి తెలియదు. జనం చూస్తున్నారు, పరువు పోతుంది అనుకుంటే చాలు, పామును చూసినట్లే సన్నద్ధమవుతుంది. కడుపులో తిప్పడం, వేళ్ళు చల్లబడడం, పదే పదే బయటికి వెళ్ళవలసి రావడం అన్నీ ఆ సన్నాహాలే. పరుగుకు అది మంచిదే. సున్నితంగా మణికట్టు తిప్పవలసిన ఆటకు మాత్రం చేటు. భుజం బిగుసుకుంటుంది. రాకెట్ పిడిని నాగలి మేడి పట్టినట్లు పట్టుకుంటారు. దెబ్బ సగంలో ఆగి బంతి వలలో పడుతుంది. కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి.

దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయల తొడాలు తీసే ఆడకూలీలను చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. కబుర్లు చెప్పుకుంటూ, ఒళ్ళో పిల్లవాణ్ణి సముదాయించుకుంటూ వేళ్ళతో టకటకా తీసిపడేస్తారు. 'ఏ వేలు ముందు, ఏ వేలు వెనక, చూసుకుంటూ తియ్యి' అని పక్కన ఒకరు కూర్చుంటే పని సగానికి పడిపోతుంది. చేతికి వచ్చిన విద్యను మనసు పెత్తనం చెయ్యబోతే జరిగేది అదే. అదురు పుట్టిన ఆటగాడు బంతిని చూడడం మాని తన మోచేతిని చూసుకుంటాడు. వెయ్యిసార్లు కొట్టిన దెబ్బ ఎలా కొట్టాలా అని వెయ్యిన్నొకటోసారి ఆలోచిస్తాడు. అక్కడే దెబ్బ తప్పుతుంది.

టెన్నిస్‌లో మరీ ఎక్కువ

అన్ని ఆటల్లోనూ అదురు ఉంటుంది గాని టెన్నిస్‌లో దాని బాధ మరీ ఎక్కువ. కబడ్డీలో పక్కన ఆరుగురు ఉంటారు. మన ఊళ్ళల్లో ఉన్ని బంతితో ఆడే బాల్ బాడ్మింటన్‌లో ఒక జట్టుకు అయిదుగురు. ఒకరు తప్పితే మరొకరు కాస్తారు. టెన్నిస్ సింగిల్స్‌లో 78 అడుగుల కోర్టులో ఈ కొసన ఒక్కడు, ఆ కొసన ఒక్కడు. ఇంత సేపటికి ముగుస్తుందన్న లెక్క కూడా లేదు. ముందంజలో ఉన్నవాడు కాలం గడిపి గట్టెక్కుదామంటే కుదరదు. చివరి పాయింటు తానే గెలిచి తీరాలి.

పైగా రెండు గంటల ఆటలో బంతి నిజంగా ఇటూ అటూ తిరిగేది అందులో చిన్న భాగమే. తక్కిన కాలమంతా బంతులు ఏరుకోవడం, చెమట తుడుచుకోవడం, కోర్టు మారడం. పాయింటుకూ పాయింటుకూ నడుమ 25 సెకన్లు, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు ఇస్తారు. అదురు పెరిగేది బంతి ఆడేటప్పుడు కాదు. ఈ ఖాళీ సమయాల్లోనే.

1993 వింబుల్డన్ మహిళల ఫైనల్ ఇందుకు పెద్ద ఉదాహరణ. చెక్ దేశపు యానా నొవోత్నా, జర్మనీకి చెందిన స్టెఫీ గ్రాఫ్ తలపడ్డారు. మూడవ సెట్లో నొవోత్నా 4-1 ఆధిక్యంలో ఉంది. తరువాతి గేములో 40-30. ఒక్క పాయింటు గెలిస్తే 5-1. టెన్నిస్‌లో సర్వీసుకు రెండు అవకాశాలుంటాయి. ఆమె రెండూ పోగొట్టుకుంది. అక్కడి నుంచి చెయ్యి వంగలేదు. వరుసగా గేములు కోల్పోయి 7-6, 1-6, 6-4తో ఓడిపోయింది. బహుమతి ప్రదానంలో ఆమె కెంట్ డచెస్ గారి భుజం మీద తల పెట్టి ఏడ్చిన ఫోటో ప్రపంచమంతటా అచ్చయింది. మళ్ళీ 1997లో ఫైనల్‌కు వచ్చి మార్టినా హింగిస్ చేతిలో ఓడింది. ఆమెకు గుండె ధైర్యం లేదని రాసినవారు తక్కువేమీ కాదు. ఆమె మానలేదు. 1998లో మూడవసారి ఫైనల్‌కు వచ్చి ఫ్రాన్స్‌కు చెందిన నతాలీ తోజియాను 6-4, 7-6తో ఓడించి కప్పు అందుకుంది. అయిదేళ్ళు పట్టింది.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా సంగతి మరొకటి. 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్లో సానియా, హింగిస్ జంట రష్యాకు చెందిన మకరోవా, వెస్నినా జంటతో ఆడింది. మొదటి సెట్ పోయింది. రెండవది టైబ్రేక్‌లో వచ్చింది. మూడవ సెట్లో 2-5తో వెనకబడ్డారు. అవతలి వారికి ఒక్క గేము చాలు. ఈ దశలో స్కోరు బోర్డు వైపు చూస్తే ఎవరికైనా కాళ్ళు చల్లబడతాయి. ఒక్కొక్క పాయింటే ఆడుతూ 5-5కు తెచ్చారు. చీకటి పడడంతో ఆట ఆపి కోర్టు పైకప్పు మూశారు. ఆ విరామం తరువాత కూడా ఊపు తగ్గకుండా 7-5తో గెలిచారు. 1993 నాటి ఆటలో ముందున్నవారికి అదురు పుట్టింది. 2015లో వెనకబడినవారు అదరలేదు. అదురు స్కోరును బట్టి రాదనడానికి ఈ రెండూ చాలు.

కృష్ణా జిల్లా వుయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్ 2016 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన డేవిస్ కప్ డబుల్స్‌లో లియాండర్ పేస్‌తో కలిసి ఆడారు. వల అవతల నిలబడ్డది స్పెయిన్‌కు చెందిన రఫెల్ నాదల్, మార్క్ లోపెజ్. భారత జంట మొదటి సెట్‌ను 6-4తో గెలుచుకుంది. తక్కిన మూడూ స్పెయిన్‌కు పోయాయి. ఓటమే అయినా, నాదల్‌ను చూసి చెయ్యి వణికి ఉంటే ఆ మొదటి సెట్ వచ్చేది కాదు. అంతకు కొద్ది వారాల ముందే సాకేత్ అర్హత పోటీలు గెలిచి అమెరికన్ ఓపెన్ ప్రధాన పోటీకి చేరి, కండరాలు పట్టేస్తున్నా అయిదు సెట్లు పోరాడి ఓడారు.

ఆ నాదల్ సీసాల సంగతి చాలామంది టీ.వీ.లో చూసే ఉంటారు. కుర్చీ ముందు రెండు నీళ్ళ సీసాలు, వాటి లేబుళ్ళు కోర్టు వైపు తిరిగి ఉండాలి. అంగుళం అటూ ఇటూ అయితే వంగి సర్దేవాడు. సర్వీసుకు ముందు ముక్కు, చెవులు, చొక్కా తడుముకునేవాడు. చూసేవారికి నవ్వు వస్తుంది, మూఢ నమ్మకం అనిపిస్తుంది. అందులో తెలివి లేకపోలేదు. చేసే పని ఎప్పుడూ ఒకటే అయితే, ఊరు కొత్తదైనా, జనం వేలల్లో ఉన్నా, మనసుకు అది పాత ఇల్లే. 2024లో ఆట విరమించేనాటికి ఆయన ఖాతాలో 22 గ్రాండ్‌స్లామ్ బిరుదులు చేరాయి.

గుంటూరు కుర్రాడు

కిదాంబి శ్రీకాంత్ రావులపాలెంలో 1993లో పుట్టినా కుటుంబం గుంటూరుది, వ్యవసాయ కుటుంబం. అన్న నందగోపాల్ కూడా బాడ్మింటన్ ఆటగాడే. ఆ బాటలోనే తమ్ముడూ నడిచి హైదరాబాదులోని గోపీచంద్ అకాడెమీకి చేరాడు. మొదట డబుల్స్ ఆడేవాడు. ఇతను సింగిల్స్‌కు పనికివస్తాడని కనిపెట్టి మార్చింది గోపీచందే.

2014 జూలైలో శ్రీకాంత్ మెదడు జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. స్పృహ తప్పి పడిపోయిన కుర్రాడు కోలుకుంటే చాలుననుకున్నారు ఇంట్లోవాళ్ళు. అదే ఏడు నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్ ముందు నిలబడ్డాడు. లిన్ డాన్ రెండుసార్లు ఒలింపిక్ విజేత, అయిదుసార్లు ప్రపంచ విజేత. ఆడేది అతని దేశంలో, అతని జనం మధ్య. ఇరవై ఒకటేళ్ళ గుంటూరు కుర్రాడు 21-19, 21-17తో గెలిచి వచ్చాడు. 2017లో ఇండొనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ ఓపెన్లు నాలుగూ గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ ర్యాంకింగులో మొదటి స్థానం.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. ఆ తరువాతి కథే పల్లెటూరి పిల్లలు ఎక్కువగా తెలుసుకోవలసింది. దెబ్బలు తగిలాయి. ర్యాంకు పడిపోయింది. ఒకప్పుడు అలవోకగా ఓడించినవారి చేతుల్లో మొదటి రౌండ్లలోనే ఓటములు ఎదురయ్యాయి. కోవిడ్ కారణంగా అర్హత పోటీలు రద్దు కావడంతో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళే అవకాశం కూడా పోయింది. మొదటి ర్యాంకు చూసిన మనిషికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? నమ్మకం అన్నది ఒకసారి కొని బీరువాలో దాచుకునే నగ కాదు. పైరు లాంటిది. ప్రతి ఏడూ మళ్ళీ విత్తుకోవాలి.

2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో జరిగిన ప్రపంచ పోటీల్లో అతను ఫైనల్‌కు చేరాడు. ప్రపంచ పోటీల పురుషుల సింగిల్స్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు అతనే. సింగపూర్‌కు చెందిన లో కీన్ యూ చేతిలో 15-21, 20-22తో ఓడి రజతం తెచ్చాడు. అయిదు నెలల తరువాత, 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. అంతకు ముందు 14 సార్లు ఆ కప్పు గెలిచిన ఇండొనేషియా అవతల. భారత్ 2-0 ఆధిక్యంలో ఉండగా మూడవ ఆట శ్రీకాంత్‌ది. గెలిస్తే దేశానికి మొట్టమొదటి థామస్ కప్. దేశం మొత్తం భారం ఒక్క మణికట్టు మీద. ఎదురుగా జొనాటన్ క్రిస్టీ. మొదటి గేము 21-15. రెండవది 20 దాటి సాగింది. 23-21తో ముగించి రాకెట్ విసిరేశాడు. ఆ పోటీల్లో శ్రీకాంత్ ఆడిన ఆరు ఆటలూ గెలిచాడు.

నోరు తెరిచి అరవమన్నారు

అదురు తీర్చడానికి గోపీచంద్ వాడిన వైద్యాల్లో ఒకటి ప్రసిద్ధికెక్కింది. పి.వి. సింధు చిన్నతనంలో బిడియస్తురాలు. కోర్టులో నోరు విప్పేది కాదు. అవతలివారికి ఆమెను చూస్తే జంకు కలిగేది కాదు. ఒకనాడు గోపీచంద్ ఆమెను అకాడెమీలో అందరి మధ్యా నిలబెట్టి గొంతెత్తి అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి సిగ్గుతో ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో పాయింటు పాయింటుకూ ఆమె పెట్టిన కేకలు దేశమంతా విన్నది.

అయినా కథ అక్కడ తీరలేదు. రియోలో రజతం. 2017 ప్రపంచ పోటీల ఫైనల్లో జపాన్‌కు చెందిన ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి ఓటమి. 2018లో కామన్వెల్త్, ఏషియన్ క్రీడలు, ప్రపంచ పోటీలు మూడింటా ఫైనల్లోనే ఓటమి. ఫైనల్ అంటే ఆమెకు భయం అని మాట పడింది. సింధు అన్నిసార్లూ మళ్ళీ ఫైనల్‌కు వెళ్ళింది. 2019 ఆగస్టులో స్విట్జర్లాండులోని బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ముప్పావు గంట కూడా పట్టలేదు.

ఖర్చు లేని సాధనలు

అకాడెమీ లేని ఊళ్ళో ఏం చెయ్యాలన్నది ప్రశ్న. ఇందులో చాలావాటికి డబ్బు అక్కరలేదు.

మొదటిది ఊపిరి. గాభరాలో ఊపిరి పైపైన ఆడుతుంది కనుక దానిని కావాలని కిందికి దించాలి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేంతసేపు నిదానంగా వదలాలి. వదలడం ఎక్కువసేపు ఉండాలి, కిటుకు అదే. అయిదారుసార్లు ఇలా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. మన పెద్దలు ప్రాణాయామం అన్నది దీనికి దూరం కాదు. ఆటగాడికి ధ్యానం అవసరమని గోపీచంద్ కూడా పలుమార్లు చెప్పారు. అయితే పోటీ రోజు పొద్దున మొదలుపెడితే లాభం లేదు. రెండు నెలల ముందునుంచి రోజూ చేస్తేనే ఆనాడు పనికివస్తుంది. పురుగు పట్టాక మందు కొట్టడానికి, ముందు జాగ్రత్తకూ ఉన్న తేడాయే.

రెండవది ఒక వరుస. సర్వీసుకు ముందు బంతిని మూడుసార్లు నేలకు కొట్టడం, ఒకసారి ఊపిరి వదలడం, బంతి ఎక్కడికి పంపాలో ఆ చోటు చూడడం. అంతే. ఏదైనా ఫరవాలేదు, మార్చకూడదు. పాయింటు పోగానే వీపు తిప్పి రాకెట్ తీగల వైపు చూస్తూ నడవడం చాలామంది పెద్ద ఆటగాళ్ళకు అలవాటు. జనాన్నీ, స్కోరునూ, తండ్రి ముఖాన్నీ చూడకుండా కళ్ళకు ఒక పని ఇవ్వడమే అందులోని ఉపాయం.

మూడవది సాధనలోనే కొంచెం అదురు కలపడం. ఒంటరిగా వంద సర్వీసులు కొట్టేకన్నా, పదిమందిని చుట్టూ నిలబెట్టి గోల చెయ్యమని, 'ఇది పడకపోతే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు' అని పందెం కట్టి పది కొట్టడం మేలు. 30-40తో వెనకబడినట్లు లెక్కపెట్టుకుని అక్కడనుంచి ఆడించాలి. ఎడ్ల పందాలకు ఒంగోలు గిత్తలను తోలుకుపోయే రైతులకు ఈ సూత్రం ఒకరు నేర్పనక్కరలేదు. సంగతి తెలిసినవాడు గిత్తలను ముందుగానే చేర్చి తిరునాళ్ళ హోరు, మైకుల మోత అలవాటు చేస్తాడు. పిల్లల విషయంలో మాత్రం ఆట మొదలయ్యే అయిదు నిమిషాల ముందు ఆటో దిగుతున్నాం. గంట ముందు చేరి కోర్టు చుట్టూ ఒకసారి నడిపించి, ఎండ ఏ వైపునుంచి పడుతుందో, గాలి ఎటు వీస్తోందో చూపిస్తే సగం కొత్త తీరిపోతుంది. రాకెట్, బూట్లు, నీళ్ళు, అరటిపళ్ళు రాత్రే సంచిలో సర్దుకోవాలి. పొద్దున్నే బూటు లేసు తెగిందని వెతుక్కున్న పిల్లవాడికి మొదటి గేము ఇంట్లోనే పోయినట్లు.

ఇక మనసులో అనుకునే మాట. 'భయపడకు, భయపడకు' అని జపించడం వృథా. భయం అన్న మాటే చెవిన పడుతూ ఉంటుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. పాట పాడడం, ఉపన్యసించడం, లెక్కలు చెయ్యడం వంటి పనులకు ముందు 'నేను నిబ్బరంగా ఉన్నాను' అనుకున్నవారికన్నా 'నాకు హుషారుగా ఉంది' అనుకున్నవారే బాగా రాణించారు. గుండె వేగంగా కొట్టుకోవడం రెండింటికీ ఒకటే కదా. పెళ్ళి ఊరేగింపులో బాజాలు మోగినప్పుడూ అంతే కొట్టుకుంటుంది. దానికి పెట్టుకునే పేరు మారితే చాలును. అంతేగాని దడ పూర్తిగా పోవాలని చూడడం అనవసరం. ఏ దడా లేని ఆటగాడికి కాళ్ళు కూడా కదలవు.

గెలవాలి అన్నది కూడా పోటీ రోజుకు మంచి ఆలోచన కాదు. గెలుపు సగం అవతలివాడి చేతిలో ఉంటుంది. మొదటి రెండు గేములూ బంతిని వలకు మూడడుగుల ఎత్తున కోర్టు మధ్యకు పంపుతాను, ప్రతి బంతికీ కాళ్ళు కదుపుతాను అని పెట్టుకుంటే అది తన చేతిలోని పని. కాళ్ళు కదిలితే భుజం సడలుతుంది. భుజం సడలితే చెయ్యి దానంతట అదే దారిలో పడుతుంది.

పెద్దల వంతు

పిల్లల అదురులో పెద్దల వాటా ఎంతో కొంత ఉంటుందని ఒప్పుకోక తప్పదు. కోర్టు పక్కన నిలబడి ప్రతి బంతికీ తల కొట్టుకునే తండ్రి, 'ఫలానావాళ్ళ అబ్బాయిని చూడు' అనే మేనమామ, ఓడితే ముఖం తిప్పుకునే డ్రిల్లు మాస్టారు, ఎవరూ చెడు తలపెట్టి చేసేది కాదు. పొలం మీద అప్పుండి, మిరప ధర క్వింటాలుకు ఏ రోజు ఎంత పడుతుందో తెలియక సతమతమయ్యే మనిషికి బిడ్డ గెలుపు మీద ఆశ పెట్టుకోవడం సహజం. కాని ఆ బరువు పన్నెండేళ్ళ పిల్ల రాకెట్ మోయలేదు. చక్రం దిగబడిన చోట గిత్తను ములుకోలతో పొడిచే కన్నా మెడ నిమిరితే బండి కదులుతుందని తెలిసిన రైతే, కోర్టు పక్కకు వచ్చేసరికి మరిచిపోతాడు.

ఓడి వచ్చిన బిడ్డను తిరుగు బస్సులో ఏమీ అడగకుండా ఉండడం మంచిది. ఆకలిగా ఉందా, ఏమైనా తింటావా అన్నంతవరకు చాలు. తప్పులు ఎత్తి చూపవలసి ఉంటే రెండు రోజులు ఆగి, ఆ పని నేర్పేవారికే వదలాలి. ఓడిన ఆటలో మంచి దెబ్బలు రెండైనా ఉంటాయి. వాటిని పిల్లల చేత చెప్పించి నోటుపుస్తకంలో రాయిస్తే, వచ్చే పోటీకి ముందురోజు రాత్రి చదువుకోవడానికి అక్కరకొస్తాయి.

శ్రీకాంత్ ఆట మాత్రం థామస్ కప్‌తో ఆగలేదు. మళ్ళీ ర్యాంకు జారింది. 2025 మేలో మలేషియా మాస్టర్స్ పోటీలకు వెళ్ళినప్పుడు ప్రధాన పోటీలో నేరుగా చోటు లేక, ఒకనాటి ప్రపంచ మొదటి ర్యాంకు ఆటగాడు అర్హత రౌండ్లలో ఆడవలసి వచ్చింది. ముప్పై రెండేళ్ళ వయస్సులో అక్కడనుంచి ఒక్కొక్క ఆటే గెలుచుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళాడు. చైనాకు చెందిన లీ షీ ఫెంగ్ చేతిలో ఓడి, రెండవ బహుమతితో తిరిగి వచ్చాడు.